కత్తిరించిన అంచు, దాచిన మాట

2013 అక్టోబరులో షికాగో ఫెడరల్ కోర్టులో బిల్ మాస్ట్రో నేరం ఒప్పుకున్నాడు. క్రీడా జ్ఞాపికల వేలాల్లో అమెరికా అంతటా పేరుమోసిన వ్యాపారి అతను. తన సంస్థ నడిపిన వేలాల్లో దొంగ పాటలు పాడించి ధరలు పెంచాడన్నది కేసు. దాంతోపాటు ఇంకో సంగతి కూడా బయటపెట్టాడు. ప్రపంచంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన బేస్‌బాల్ కార్డు పక్క అంచుల్ని తానే కత్తిరించానన్నాడు. సేకర్తలు ఏళ్ల తరబడి గుసగుసగా చెప్పుకున్న అనుమానం అలా కోర్టు రికార్డులకెక్కింది. 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది.

ఆ కార్డు మీద ఉన్నది పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు హోనస్ వాగ్నర్. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచిన ఈ వరుస కార్డుల్ని సేకర్తలు టీ206 అంటారు. తన బొమ్మ వాడుకోవడానికి వాగ్నర్ ఒప్పుకోకపోవడంతో ఆయన కార్డు ముద్రణ త్వరగానే ఆగిపోయింది. ఇప్పుడు మిగిలినవి సుమారు అరవై అని అంచనా. అరచేతిలో సగం కూడా నిండని ఈ అట్టముక్కను మాస్ట్రో 1985లో 25,000 డాలర్లకు కొని, రెండేళ్ల తర్వాత 1,10,000 డాలర్లకు అమ్మాడు. 1991లో సోథెబీస్ వేలంలో ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌స్కీ, అప్పటి అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు దక్కించుకున్నారు. 2007లో అదే కార్డు 28 లక్షల డాలర్లు పలికింది. కొన్న ప్రతివాళ్లూ ముచ్చటపడింది దాని పదునైన మూలల్ని, తిన్నని అంచుల్ని చూసే. ఆ అంచులు కత్తెర పుణ్యమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అమ్మకానికి ముందు అంచు కోసి, ఆ సంగతి దాచడం మోసమని అందరూ ఒప్పుకుంటారు. చిక్కు దానికి ముందున్న మెట్ల దగ్గర వస్తుంది. వందేళ్ల నాటి కార్డు మీద దుమ్ము తుడవచ్చా? స్క్రాప్‌బుక్కులో అతికించిన కార్డును నీళ్లలో నానబెట్టి విడదీయవచ్చా? మడతను అదిమి చదును చేయవచ్చా? మాసిన తెలుపును బ్లీచింగ్‌తో తిరిగి తేవచ్చా? వీటిలో ఏది సంరక్షణ, ఏది అలంకరణ, ఏది మోసం అన్న ప్రశ్నకు కార్డుల లోకంలో ఇప్పటికీ ఒక్క సమాధానం కుదరలేదు. కుదరకపోవడానికి కారణం కాగితంలో కంటే బజారులోనే ఎక్కువగా ఉంది.

అంకె చుట్టూ తిరిగే బజారు

1980ల దాకా కార్డు స్థితిని అమ్మేవాడు ఒక మాటలో చెప్పేవాడు, కొనేవాడు తన కంటితో సరిచూసుకునేవాడు. 1991లో పీఎస్‌ఏ అనే సంస్థ మొదలై, కార్డును పరిశీలించి 1 నుంచి 10 దాకా ఒక అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా మూసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంస్థ మొట్టమొదట గ్రేడు ఇచ్చింది గ్రెట్‌స్కీ దగ్గరున్న ఈ వాగ్నర్ కార్డుకే. వచ్చిన అంకె 8. అంచులు కోసిన కార్డుకు మామూలుగా అయితే ఏ అంకే రాకూడదు. పరిశీలించినవారిలో ఒకరు ఆ సంగతి అప్పుడే గుర్తించామని తర్వాత విలేకరుల దగ్గర ఒప్పుకున్నారు. అంటే కత్తిరింపును పట్టుకోవడానికి పుట్టిన వ్యవస్థ తొలి అడుగులోనే దాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది.

అంకె వచ్చాక బజారు స్వభావం మారిపోయింది. 1952లో టాప్స్ కంపెనీ అచ్చేసిన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు సంగతే చూడండి. 9 గ్రేడున్న కార్డు ఒకటి 2021 జనవరిలో 52 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 9.5 గ్రేడున్న మరొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. తేడా అంతా ఆ అర పాయింటు వల్లే వచ్చిందనలేం. రెండు గ్రేడులూ ఇచ్చిన సంస్థలు వేరు, అమ్మిన సమయాలు వేరు. అయినా ఒక్క మెట్టు పైకెక్కితే లక్షల డాలర్లు కలిసొస్తాయన్న ఆశ పుట్టడానికి ఈ లెక్క చాలు. ఆ ఆశే కొందరి చేతికి కత్తి, రంగు పెన్ను, ద్రావకం సీసా అందిస్తోంది.

ఇక్కడ ఆ 9.5 మాంటిల్ కార్డు చరిత్ర గమనించాలి. 1980ల మధ్యలో మసాచుసెట్స్‌లో అలన్ రోజెన్ అనే వ్యాపారికి ముట్టని 1952 కార్డులు కుప్పగా దొరికాయి. ఈ కార్డు వాటిలోదే. దశాబ్దాలపాటు ఎవరూ తాకకుండా, ఎండ తగలకుండా ఉన్నందుకు అది అలా మిగిలింది. పెద్ద అంకె అసలు చెప్పవలసింది ఆ సంగతే: ఇంత కాలం గడిచినా ఈ కాగితం తనంత తానుగా ఇలా నిలిచింది. నిన్న కోసిన అంచుకు అదే అంకె ఇస్తే, కాలాన్ని నిజంగా తట్టుకుని వచ్చిన కార్డుకు అన్యాయం జరిగినట్టే.

తుడవడం నుంచి కోయడం దాకా

కార్డుకు చేసే పనులన్నిటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. మెత్తని పొడి బట్టతో దుమ్ము దులిపితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ తర్వాతి మెట్టు మైనం మరక. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాలను మైనపు కాగితంలో చుట్టి వేడితో అతికేవారు. ఆ మైనం పొట్లం చివరన ఉన్న కార్డుకు అంటుకునేది. నైలాన్ మేజోడు గుడ్డతో సున్నితంగా రుద్దితే అది వదులుతుంది. ఈ చిట్కా సేకర్తలందరికీ తెలుసు, చాలామంది దీన్ని తప్పుగా చూడరు. అదే పొట్లంలోని బబుల్‌గమ్ అట్ట వెనకవైపు పీల్చుకున్న మరక మాత్రం అలా పోదు. అక్కడ ద్రావకాలు రంగంలోకి దిగుతాయి, వాదమూ మొదలవుతుంది.

నానబెట్టడం మరో మెట్టు. వందేళ్ల కిందట పిల్లలు సిగరెట్ కార్డుల్ని మైదా బంకలాంటి జిగురుతో పుస్తకాల్లో అతికించుకునేవారు. టీ206 కార్డులు లితోగ్రఫీలో నూనె ఆధారిత సిరాలతో అచ్చయ్యాయి కాబట్టి నీళ్లకు బొమ్మ కరగదు, జిగురు మాత్రం కరుగుతుంది. అందుకే పాత కార్డుల్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య బరువు పెట్టి ఆరబెట్టడాన్ని పాతకాలపు సేకర్తలు చాలామంది సమ్మతిస్తారు. కానీ నీరు తటస్థమైనది కాదు. కాగితపు పీచు నీటికి ఉబ్బుతుంది, ఆరాక మునుపటి బిగువు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కాగితంలో కరిగే ఆమ్లాలు, పసుపుతనం కొంత నీటితో కొట్టుకుపోతాయి. కార్డు తేటగా కనిపిస్తుంది. జిగురు వదిలించడానికి మొదలైన పని తెలియకుండానే తెలుపు తేవడం దాకా పోతుంది. నునుపు పూత ఉన్న తర్వాతి కాలపు కార్డులకు ఈ పద్ధతే చేటు చేస్తుంది.

మడతల దగ్గర సంగతి ఇంకా జటిలం. మడత పడినచోట పీచు విరుగుతుంది. తేమ పట్టించి అదిమితే, లేదా చెంచా వెనకవైపుతో రుద్దితే గీత కంటికి మాయమవుతుంది. విరిగిన పీచు మాత్రం అతుక్కోదు. వాతావరణంలో తేమ మారినప్పుడు గీత మళ్లీ తేలవచ్చు. కార్డు అప్పటికి రెండు చేతులు మారి ఉంటే నష్టం మూడో మనిషిది. మెరుపు తెచ్చే స్ప్రేలదీ ఇదే ధోరణి. సీసాలో ఏముందో తెలియనప్పుడు, ముప్ఫై ఏళ్ల తర్వాత అది కాగితాన్ని ఏం చేస్తుందో కొన్నవాడు ఊహించుకోవలసిందే.

బ్లీచింగ్‌ది మరీ బరువైన మూల్యం. హైపోక్లోరైట్ మరకను తెల్లబరుస్తూ కాగితానికి బలాన్నిచ్చే సెల్యులోజును కూడా తినేస్తుంది. పూర్తిగా కడగకపోతే లోపలే ఉండి పని చేస్తూపోతుంది. రంగు వేయడం, కాగితపు గుజ్జుతో మూలలు కట్టడం దీని తర్వాతి మెట్లు. టాప్స్ 1971 కార్డులకు నల్లటి అంచులుండేవి. చిన్న రాపిడికే నలుపు రాలి తెల్లటి చుక్కలు పడతాయి. వాటిని నల్ల పెన్నుతో పూడ్చడం ఎంత మామూలైపోయిందంటే, ఆ వరుస కార్డు చేతికి రాగానే అనుభవజ్ఞులు ముందు అంచుల్నే భూతద్దంతో చూస్తారు.

చివరిది కత్తిరింపు. మిగతావాటిలో కొన్నిటినైనా వెనక్కి తీసుకోవచ్చు. కోసిన అంచును ఎవరూ తిరిగి అతికించలేరు. పైగా కొలత ఒక్కటే దాన్ని పట్టివ్వదు, ఎందుకంటే ఆనాటి ఫ్యాక్టరీ కోతల్లోనే కార్డు కార్డుకూ తేడాలుండేవి. కొత్తగా కోసిన అంచు తెల్లగా, మరీ పదునుగా ఉండటం, మిగతా కార్డు వయసుకు పొసగకపోవడం చూసి పరిశీలకులు నిర్ణయిస్తారు. చేర్చిన కాగితాన్ని, కొన్ని రంగుల్ని గుర్తించడానికి అతినీలలోహిత కాంతి సాయపడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో కాగితంలో కలపడం మొదలైన తెలుపు పెంచే రసాయనాలు ఆ కాంతిలో నీలంగా మెరుస్తాయి. 1910 నాటి కార్డు మూల అలా మెరిస్తే ఆ మూల 1910 నాటిది కాదు.

మూడు వాదాలు

సేకర్తల మధ్య వినిపించే వాదాలు స్థూలంగా మూడు. మొదటివారు దేన్నీ ముట్టొద్దంటారు. మరక, మడత, వెనకవైపు పెన్సిల్‌తో రాసిన పిల్లవాడి పేరు, అన్నీ కార్డు చరిత్రేనంటారు. వీరికి మంచి సాక్ష్యం తపాలా బిళ్లల లోకంలో ఉంది. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ల 2014లో సుమారు 95 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని మీద తపాలా గుమాస్తా పొడి అక్షరాలు, వెనక యజమానుల గుర్తులు ఉన్నాయి. వాటిని చెరిపి శుభ్రం చేస్తే అది ఆ బిళ్ల కాకుండా పోతుంది. అయితే ఈ వాదాన్ని చివరిదాకా లాగితే ఆమ్లపు జిగురు కాగితాన్ని తినేస్తున్నా చూస్తూ ఊరుకోవలసి వస్తుంది.

రెండోవారి సూత్రం: బయటి నుంచి వచ్చినదాన్ని తీసేయవచ్చు, కార్డులో భాగమైనదాన్ని తీయకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. వినడానికి తేటగా ఉంది, చాలా సందర్భాల్లో పనికొస్తుంది కూడా. మైనం బయటిది, అంచు కార్డుది. కానీ బబుల్‌గమ్ మరక? అది బయటి నుంచే వచ్చింది, ఇప్పుడు పీచులో భాగమైంది. పసుపుతనం లోపల పుట్టినదే, అయినా అచ్చయిన రోజున లేదు. సూత్రం సగం దూరమే తీసుకెళ్లగలదు.

మూడోవారిది యాజమాన్య వాదం. నా డబ్బుతో కొన్న వస్తువు, నా ఇష్టం అంటారు. తన ఆల్బమ్‌లో పెట్టుకుని చూసుకునేవాడి విషయంలో ఈ మాట కాదనలేం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ ఆటలో కార్డు మీద కొత్త బొమ్మ గీసి, మార్చిన కార్డుగానే అమ్మే చిత్రకారులు ఉన్నారు. అక్కడ మార్పే సరుకు, దాపరికమే లేదు. అదే ఆటలో 1993 నాటి తొలి ముద్రణ కార్డుల అంచుల్ని నల్ల సిరాతో దిద్ది మచ్చలేనివిగా అమ్మితే అది వేరే పని. పెన్ను అదే, సిరా అదే. కొనేవాడికి తెలిసిందా లేదా అన్నదే రెంటికీ మధ్యనున్న గీత.

ఇరుగుపొరుగు రంగాల అనుభవం

మ్యూజియం సంరక్షకులు ఈ ప్రశ్నను చాలా కాలంగా ఎదుర్కొంటున్నారు. వారు చేరుకున్న నియమాలు మూడు: అవసరమైనంతే చేయాలి, చేసినదాన్ని వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలగాలి, చేసిన ప్రతి పనినీ రాసిపెట్టాలి. రెండో నియమం అనుభవం నేర్పిన పాఠం. 1930ల నుంచి అమెరికా గ్రంథాలయాలు, అభిలేఖాగారాలు పాత పత్రాలను సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య వేడితో అతికి భద్రపరిచాయి. మన నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాలో అసిటోన్‌తో, చేత్తో చేసే పద్ధతి రూపొందింది. ఆనాటికి అదే మేలైన శాస్త్రం. కాలక్రమంలో ఆ పొరే క్షీణించి, తీయడానికి కష్టమై, పత్రాలకు కొత్త బెడద అయింది. సదుద్దేశంతో నిపుణులు చేసిన పనికే ఈ గతి పడితే, లాభం కోసం గుట్టుగా చేసే పనిని కాలం ఎక్కడికి తీసుకెళ్తుందో ఎవరు హామీ ఇవ్వగలరు?

కార్డుల చరిత్రకే చెందిన గొప్ప ఉదాహరణ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. జెఫర్సన్ బర్డిక్ అనే సామాన్య ఉద్యోగి జీవితమంతా కార్డులు, ముద్రిత చిత్రాలు పోగుచేశారు. కీళ్లవాతంతో చేతులు సహకరించకున్నా మూడు లక్షలకు పైగా వస్తువుల్ని మ్యూజియానికి ఇచ్చి, 1963లో మరణించే ముందుదాకా అక్కడే కూర్చుని వాటిని ఆల్బమ్‌లలో అతికించారు. టీ206 అన్న పేరు కూడా ఆయన తయారుచేసిన జాబితా నుంచి వచ్చిందే. బజారు లెక్కలో జిగురు అంటిన కార్డు విలువ తగ్గినదే. చరిత్ర లెక్కలో ఆ జిగురు, ఆ వరుస కలిసి ఒక మనిషి ఆలోచనకు సాక్ష్యం. విడదీసి కడిగితే కార్డులు బాగుపడతాయేమో గానీ బర్డిక్ సేకరణ చెదిరిపోతుంది. శుభ్రం చేయడం మంచిదా కాదా అన్నది వస్తువు ఒక్కదాన్నే చూసి తేల్చలేమని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

కామిక్ పుస్తకాల రంగం ఇంకో దారి పట్టింది. అక్కడి సీజీసీ సంస్థ 2000 నుంచి గ్రేడులు ఇస్తోంది. మరమ్మతు చేసిన పుస్తకాలకు ఊదారంగు చీటీ అంటించి, ఏ పని జరిగింది, ఎంత జరిగింది, ఎంత నేర్పుగా జరిగింది అని దాని మీదే తెలుపుతుంది. కాగితం నిలవడానికి మాత్రమే చేసిన పనులకు తర్వాత వేరే చీటీ తెచ్చింది. ఇస్త్రీ చేసినట్టు అదిమి చదును చేయడాన్ని మాత్రం మరమ్మతుగా లెక్కించదు. దాని మీద సేకర్తల్లో విభేదాలున్నాయి. పాత సినిమా పోస్టర్లను బట్ట మీద అతికించి నిలబెట్టడం మామూలు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పడమూ మామూలే. ఈ రంగాల్లో మరమ్మతు ధరను తగ్గిస్తుంది గానీ వస్తువును వెలివేయదు.

నిజం చెప్పినవాడికే నష్టం

కార్డుల లోకంలో జరిగేది దీనికి తలకిందులు. పీఎస్‌ఏ దగ్గర గ్రేడు నిరాకరించడానికి వరుసగా కారణాల జాబితా ఉంది: కత్తిరింపు, మరమ్మతు, రంగు వేయడం, శుభ్రం చేయడం, ఇలా ఒక్కోదానికి ఒక్కో సంకేతం. కొన్నిటిని అసలైనదే, కానీ మార్చినది అన్న చీటీతో పెట్టెలో పెడతారు. ఏం మార్చారో, ఎంత మార్చారో తరచు ఆ చీటీ మీద ఉండదు. జిగురు వదిలించడానికి నీళ్లలో నానబెట్టానని నిజాయితీగా రాసి పంపినవాడు తన కార్డు గ్రేడును తానే పణంగా పెట్టుకున్నట్టవుతుంది. అదే పని చేసి నోరు మెదపనివాడి కార్డు పరిశీలకుడి కన్నుగప్పితే మంచి అంకెతో తిరిగొస్తుంది. నిజానికి శిక్ష, మౌనానికి బహుమానం ఇచ్చే ఏర్పాటు ఇది. సేకర్తలను నీతిగా ఉండమని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఏర్పాటు మారకుండా ఫలితం మారదు.

2019లో ఈ బలహీనత బట్టబయలైంది. కొందరు సేకర్తలు పాత వేలాల ఫొటోలను, కొత్తగా గ్రేడు పొందిన కార్డుల ఫొటోలను పక్కపక్కన పెట్టి చూశారు. ముద్రణలోని అవే చుక్కలు, అవే లోపాలు. అంటే కార్డు అదే. అంచులు మాత్రం మునుపటికంటే మెరుగు, గ్రేడూ ఎక్కువ. ఇలాంటివి ఒకటీ రెండూ కావు, వందల్లో బయటపడ్డాయి. ఎఫ్‌బీఐ దర్యాప్తు మొదలుపెట్టిందని అమెరికా పత్రికలు రాశాయి. రుసుము తీసుకున్న నిపుణుల కన్ను దాటిపోయినవాటిని, ఓపికగా ఫొటోలు పోల్చిన సామాన్య సేకర్తలు పట్టుకున్నారు.

లోపం చెబితే ఎవరూ కొనరన్న భయానికి ఒక గట్టి జవాబు ఉంది. 2022లో చిరిగిన ఒక వాగ్నర్ కార్డు వేలానికి వచ్చింది. ఉన్నది సగమే. మిగతా సగాన్ని కట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదు, చిరుగును దాచలేదు. అది 15 లక్షల డాలర్లకు పైగా పలికింది. అరుదైన వస్తువు తన గాయాలతో సహా నిజం చెబితే కొనేవారున్నారు.

మన ఇళ్లలోని పాత కాగితం

బేస్‌బాల్ కార్డులు తెలుగునాట అరుదు. ఇదే ప్రశ్న వేరే రూపాల్లో మాత్రం మన బీరువాల్లోనూ ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ తొలి సంచికలు, పాత సినిమా పాటల పుస్తకాలు, నిజాం కాలపు నాణేలు ఇప్పుడు సేకర్తలు వెతుక్కుంటున్న సరుకు. అమ్మే ముందు రాగి నాణేన్ని చింతపండుతో తోమి తళతళలాడించడం మనకు అలవాటు. ఆ తోముడుతో దశాబ్దాలుగా లోహం మీద ఏర్పడిన సహజమైన పొర పోతుంది, దానితోపాటు నాణెం విలువా పడిపోతుంది. చిరిగిన అట్టకు సెలోటేపు అంటిస్తే ఆ జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి దిగి గోధుమరంగు చార మిగులుస్తుంది. సరుకు స్థితి గురించి వ్యాపారి తప్పుడు మాట చెప్పి అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి.

చేయవలసింది

ఇంత చర్చలోంచి తేలేది ఇది. ఒక పని తప్పా ఒప్పా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు అడగాలి: ఆ పని కాగితం ఆయువు పెంచడానికా, అంకె పెంచడానికా? రేపు దాన్ని వెనక్కి తీయగలమా? తర్వాత కొనేవాడికి ఆ సంగతి తెలుస్తుందా? మైనం తుడవడం వీటికి నిలుస్తుంది. జిగురు కోసం నానబెట్టడం, రాసి ఇస్తే నిలుస్తుంది. మడత అదమడం రాసి ఇచ్చినా అనుమానంగానే మిగులుతుంది. బ్లీచింగ్, కత్తిరింపు మొదటి రెండు ప్రశ్నల దగ్గరే ఓడిపోతాయి. వాటిని చెప్పి చేసినా సమర్థించలేం, ఎందుకంటే అక్కడ నష్టం ఒక కొనుగోలుదారుకే పరిమితం కాదు. మిగిలిన కొద్దిపాటి అసలు కార్డుల్లో ఒకటి శాశ్వతంగా తగ్గిపోతుంది.

మూడో ప్రశ్న బాధ్యత మాత్రం వ్యక్తుల మీద వదిలేస్తే సరిపోదు. గ్రేడింగ్ సంస్థలు రెండు పనులు చేయగలవు. ఒకటి, స్థితికి ఇచ్చే అంకె పక్కనే జరిగిన పనిని వేరుగా రాయడం. అలా రాస్తే నానబెట్టానన్నవాడు, అంచు కోసినవాడు ఒకే చీటీ కింద నలగరు. రెండు, తమ దగ్గరకొచ్చిన ప్రతి కార్డునూ రెండు వైపులా స్పష్టంగా స్కాన్ చేసి, ఆ బొమ్మల్ని శాశ్వతంగా, అందరికీ అందుబాటులో ఉంచడం. 2019లో సేకర్తలు చెల్లాచెదురుగా ఉన్న ఫొటోలతో చేసిన పోలికను అప్పుడు ప్రతి కార్డుకూ చేయవచ్చు. పెట్టె పగలగొట్టి, మార్చి, మళ్లీ పంపే వ్యాపారానికి ఇంతకంటే గట్టి అడ్డుకట్ట లేదు. వేలం సంస్థలు కూడా కార్డుకు జరిగిన పనుల గురించి అమ్మేవాడి చేత రాతపూర్వకంగా ప్రకటన తీసుకుని జాబితాలో అచ్చువేయాలి. ఇందుకు కావలసిన కెమెరాలు, భూతద్దాలు, రుసుములు ఆ సంస్థల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటిని పనిలో పెట్టమని అడిగే హక్కు ఆ రుసుము కట్టే ప్రతి సేకర్తకూ ఉంది.